కథ బెజవాడది... గోడ ఎక్కడిది?

‘శివ’లో బెజవాడ కోసం వెతక్కండి, దొరకదు.

1989 అక్టోబరులో ఆ సినిమా విడుదలైనప్పుడు మన కుర్రాళ్లు ‘ఇది మా ఊరి కథే’ అని కాలరెగరేసుకుని తిరిగారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. రాంగోపాల్‌వర్మ ఇంజినీరింగ్ చదివింది బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని పోతే తగిలే కానూరులో, సిద్ధార్థ కాలేజీలో. కాలేజీ గొడవ గేటు దాటి ఊరి రౌడీయిజంతో ఎట్లా ముడిపడుతుందో ఆయన దగ్గరగా చూసింది ఇక్కడే. సినిమా తీసిన అన్నపూర్ణ సంస్థ అక్కినేని వారిది. ఆ ఇంటి వేర్లు గుడివాడ పక్కన రామాపురంలో ఉన్నాయి. కథ ఇక్కడ పుట్టింది, చెప్పినవాడు ఇక్కడ చదివాడు, డబ్బు పెట్టినవాళ్లు ఈ జిల్లావాళ్లే. కెమెరా తిరిగింది మాత్రం హైదరాబాద్‌లో.

బెంజ్ సర్కిల్లో కాసేపు నిలబడితే ఈ తిరకాసు ఇంకాస్త అర్థమవుతుంది. చెన్నై–కోల్‌కతా రహదారి, మచిలీపట్నం నుంచి హైదరాబాద్ మీదుగా పుణె పోయే రహదారి ఇక్కడే ఒకదాన్నొకటి దాటుకుంటాయి. మద్రాసులో స్టూడియోలున్న రోజుల్లోనూ, పరిశ్రమ హైదరాబాద్‌కు మకాం మార్చాకా సినిమావాళ్లు రైల్లోనో కార్లోనో ఈ ఊరి మీదుగానే వెళ్లారు. టిఫిను తిన్నారు, దుర్గమ్మకు దణ్ణం పెట్టుకున్నారు, గాంధీనగర్లో డిస్ట్రిబ్యూటర్‌తో లెక్క తేల్చుకున్నారు. వెళ్లిపోయారు. 2020లో ఒక వైపు, 2022లో రెండో వైపు ఫ్లైఓవర్ తెరిచాక దాటిపోయేవాళ్లకు కిందికి దిగే పని కూడా తప్పింది.

తెర మీద కనిపించిన ఇల్లు ఊళ్లో ఎక్కడుందో పట్టుకునే పిచ్చి కొందరికి ఉంటుంది. ఆ కొందరిలో నేనూ ఒకణ్ణి. తెర మీద హీరోయిన్ ఏడుస్తుంటే మా చూపు ఆవిడ వెనకున్న కిటికీ ఊచల మీద ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్లకు ఇది విసుగే. రిమోట్ మా చేతికి ఇవ్వరు. ఈ వేటలో కొన్నేళ్లు గడిపినవాడెవడికైనా ఒక సంగతి తెలిసిపోతుంది: మన తెలుగు తెర మీద కథ చెప్పే చిరునామా ఒకటి, గోడ చెప్పే చిరునామా ఇంకొకటి. రెండూ కలిసే చోటు చాలా అరుదు.

బొమ్మ ఆపి చూడాలి

ఈ పనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. బొమ్మను ఆపగలిగితే చాలు. ఆపాక మొదట చూడకూడనిది గోడ రంగు. రంగు పండక్కోసారి మారుతుంది, షూటింగు కోసం ఒక్క రాత్రిలో మారుతుంది. మారనివి వేరే ఉంటాయి. గుమ్మం మీద అర్ధచంద్రాకారపు వెంటిలేటర్, అందులో రంగుటద్దాల వరస. ఎరుపు పక్కన పసుపు, పసుపు పక్కన ఆకుపచ్చ, ఎక్కడో ఒక అద్దం పగిలితే పెట్టిన మామూలు తెల్లటిది. ఆ తెల్లటి ముక్క ఒక్కటి దొరికితే చాలు, ఆధారం చిక్కినట్టే. అటువంటి ఇల్లు వీధిలో పది ఉండొచ్చు గానీ, అదే స్థానంలో అద్దం పగిలిన ఇల్లు ఒకటే ఉంటుంది.

తర్వాత కప్పు. మద్రాసు టెర్రస్ అయితే టేకు దూలాలు కనిపిస్తాయి. గుమ్మం నుంచి ఎదుటి గోడ దాకా ఎన్నున్నాయో లెక్కపెట్టుకోవచ్చు. నేల నలుపు తెలుపు గళ్ల బండలదైతే అంచు పట్టీ మూల దగ్గర ఎలా తిరిగిందో చూడాలి. మేస్త్రి లెక్క తప్పి సగం బండ కోసి అతికించిన మూల ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది. మెట్ల పిట్టగోడ, బాల్కనీ పోత ఇనుము కటకటాలు, చెక్క పలక మీద గుండ్రటి నల్ల స్విచ్చులు, ఇవన్నీ సాక్షులే. నీడల్ని మాత్రం తొందరపడి నమ్మకూడదు. గుమ్మంలో పడిన ఎండ సూర్యుడిది కాకపోవచ్చు, లైట్‌బాయ్ పెట్టిన దీపానిది కావచ్చు. పెరట్లో చెట్టు నీడ, హాల్లో పడిన ఎండ ఒకే దిక్కు చెబితేనే ఇల్లు తూర్పు ముఖమో, పడమర ముఖమో తేల్చాలి.

అన్నిటికన్నా తేలికైన ఆధారం ఇంకొకటి ఉంది. దాన్నే అందరూ దాటేస్తారు. పాత సినిమాల్లో టైటిళ్ల చివర ‘కృతజ్ఞతలు’ అని ఒక కార్డు పడుతుంది. ఫలానా గ్రామ ప్రజలకు, ఫలానా సంస్థానం వారికి, ఫలానా దేవస్థానం వారికి. రెండు క్షణాల కన్నా ఎక్కువ నిలవదు. దానికి ఒక పాడు అలవాటు అడ్డం వచ్చింది: టీవీల్లో పాత సినిమా వేసేటప్పుడు ప్రకటనల టైము కోసం మొట్టమొదట కోసేది టైటిళ్లనే.

సీరియల్ ఇల్లు సగమే కనపడుతుంది

సినిమాకన్నా టీవీ సీరియల్ లొకేషన్ పట్టుకోవడం కష్టం. దానికి కారణం డబ్బు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. ఎనభైల్లో ప్రాయోజిత సీరియళ్లు వచ్చాయి. 13 వారాలకు అనుమతి, అంతలోనే కథ ముగించాలి. సెట్లు వేసే స్తోమత చాలామంది నిర్మాతలకు లేదు. తెలిసినవాళ్ల మేడ, చుట్టాల పెంకుటిల్లు, సెలవుల్లో స్కూలు, ఆదివారం ఆఫీసు, దొరికిన చోటల్లా తీశారు. ఇరుకు గదిలో కెమెరా వెనక్కి జరగడానికి చోటుండదు. అందుకే ఆ సీరియళ్ల నిండా ముఖాలే. ఇల్లు మొత్తం ఒక్క షాటులోనూ కనపడదు. ఒక మూల ఈ వారం, ఇంకో మూల పై వారం. పదమూడు వారాలు చూసి మనమే ప్లాను గీసుకోవాలి.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. ఆ మరుసటేడు రామోజీ ఫిల్మ్‌సిటీ వచ్చింది. డైలీ సీరియళ్ల కాలం మొదలయ్యాక చిక్కు ఇంకో రకంగా మారింది. ఒకే హాలు, ఒకే మెట్లు, ఒకే పూజగది వందల ఎపిసోడ్లు కనిపిస్తాయి. అదే ఇల్లు అద్దెకిస్తే సోఫా గుడ్డ మార్చుకుని ఇంకో సీరియల్లోకి వెళ్తుంది. ఒకే మెట్ల మీంచి ఇద్దరు అత్తగార్లు రెండు ఛానెళ్లలో దిగడం చూసి నవ్వుకున్న రోజులున్నాయి. కోడళ్లు పోల్చుకోలేదు గానీ పిట్టగోడ పోల్చుకుంది.

‘అమృతం’ సంగతే తీసుకోండి. 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా ఆదివారం రాత్రి అన్నం పళ్లెం టీవీ ముందుకు తెప్పించిన సీరియల్. అందులో ఆంజనేయులుగా చేసిన గుండు హనుమంతరావు అచ్చం మన బెజవాడ మనిషి. మిఠాయి వ్యాపారం చేసుకుంటూ ఇక్కడి నాటకాల్లో వేషాలు వేసి, జంధ్యాల ‘అహ నా పెళ్లంట’తో తెరకెక్కారు. 2018లో కన్నుమూశారు. ఆ మాట తీరు, ఆ బిక్కమొహం, ఎదుటివాడి మాటకు అర క్షణం ఆలస్యంగా తిరిగే ఆ మెడ అన్నీ మన నాటక వేదికల మీద సానపట్టినవే. ఆయన తిరిగిన ఆ ఇల్లు, ఆ హోటలు మాత్రం హైదరాబాద్‌వి. ముఖం బెజవాడది, గోడ కాదు.

ఈ జబ్బు మనకొక్కళ్లకే లేదు. బీబీసీ ‘ఫాల్టీ టవర్స్’ కథ ప్రకారం ఆ హోటలు టార్కీ అనే సముద్రతీరపు ఊళ్లో ఉంది. తెర మీద కనపడే భవనం సముద్రానికి ఎంతో దూరాన, బకింగ్‌హమ్‌షైర్‌లో ఉండేది. 1991లో తగలబడిపోయింది. మనకు దగ్గర్లోనైతే ‘మాల్గుడి డేస్’. ఆర్.కె.నారాయణ్ ఊహించిన ఆ ఊరు ఏ మ్యాపులోనూ లేదు. 1986లో శంకర్‌నాగ్ దాన్ని కర్ణాటక మలెనాడులో, వాన పడితే ఆగని అగుంబెలో నిలబెట్టాడు. అక్కడి ‘దొడ్డమనె’ అనే పాత ఇల్లు, నడిమధ్య తెరిచిన లోగిలితో సహా, ఆ కథల్లో కుర్రాడు స్వామి ఇల్లయి కూర్చుంది. శివమొగ్గ జిల్లాలో అరసాళు అనే చిన్న రైల్వేస్టేషన్ను మాల్గుడి మ్యూజియం చేశారు. లేని ఊరికి స్టేషనుంది, మ్యూజియముంది. ఉన్న ఊళ్లకు మనమేం చేశామన్నది వేరే కథ.

అమరావతికి వెళ్లినవాళ్లు వెతికేది

కృష్ణకు ఆవలి ఒడ్డున, ప్రకాశం బ్యారేజీకి ఎగువన అమరావతి. అమరేశ్వరుడి గుడి మెట్లు నీళ్లలోకి దిగుతాయి. ఈ ఊళ్లో పుట్టి ఆకాశవాణిలో పనిచేసిన శంకరమంచి సత్యం తన ఊరి మీద వంద కథలు రాశారు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చాయి, బాపు బొమ్మలు వేశారు, పుస్తకానికి 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. సత్యం 1987లో పోయారు. తొంభైల మధ్యలో శ్యామ్ బెనగల్ ఆ కథల్ని ‘అమరావతీ కీ కథాయేఁ’ పేరుతో దూరదర్శన్‌కు సీరియల్‌గా తీశారు. అందులో అందరూ హిందీ మాట్లాడారు. దేశం మొత్తానికి ఈ ఊరు తెలిసింది అలాగే.

ఆ సీరియల్ చూసి అమరావతికి వచ్చేవాళ్లు వింతగా ప్రవర్తిస్తారు. వాళ్లు వెతికేది బెనగల్ కెమెరా నిలిచిన చోటు కాదు, సత్యం చూపు నిలిచిన చోటు. మొదటి కథ ‘వరద’లో నీళ్లు ఎంత దాకా వచ్చాయని రేవులో మనుషుల్ని అడుగుతారు. గాలిగోపురం కిందికి వెళ్లి పైకి చూస్తారు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చి ఊరు కట్టించిన కాలం నాటి రాళ్లేమైనా మిగిలాయా అని ఆరా తీస్తారు. అదే కాలంలో, 1797లో, కాలిన్ మెకంజీ ఇక్కడి దిబ్బ దగ్గరికి వచ్చాడు. ఆ తర్వాతి వందేళ్లలో ఇక్కడి స్తూపం చలువరాళ్లు మద్రాసు మ్యూజియానికి, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. తన గోడలే ఖండాలు దాటిపోయిన ఊరు ఇది. సీరియల్ ఏ గోడ ముందు తీశారనే ప్రశ్న ఇక్కడ కాస్త చిన్నదైపోతుంది.

మహళ్లు మారుపేరుతో

లొకేషన్ వేటలో రుచి తెలిసేది మహళ్ల దగ్గరే. వంశీది గోదావరి జిల్లా పసలపూడి. ఆయన ‘మహల్లో కోకిల’ నవలను 1984లో ‘సితార’గా తీసినప్పుడు ఆ మహలు కోసం దక్షిణానికి వెళ్లారు. వెలుగోటి రాజుల వెంకటగిరి కోట. అంతఃపురంలో దాచిన ఆడపిల్ల కథకు ఆ కోట ఎంత అతికిందంటే, ఇళయరాజా పాట వస్తుంటే ఆ స్తంభాలు కూడా సినిమా కోసమే పోసినట్టుంటాయి. గోదావరివాళ్లు మాత్రం ఇప్పటికీ ఆ మహలు తమ దగ్గరే ఎక్కడో ఉందనుకుంటారు. వంశీ సినిమా అంటే గోదావరే అన్నది అంత గట్టి నమ్మకం.

‘అరుంధతి’ ఇంకా గమ్మత్తు. 2009 సంక్రాంతికి వచ్చిన ఆ సినిమాలో జేజమ్మ గద్వాల సంస్థానం ఆడపడుచు. గద్వాలలో సోమనాద్రి కట్టించిన అసలు కోట ఉంది కూడా. తెర మీద భయపెట్టిన ఆ మేడ మాత్రం అక్కడిది కాదు. నంద్యాల జిల్లా బనగానపల్లెలో, యాగంటికి పోయే దారిలో, నవాబుల బంగళా. బనగానపల్లె 1948 దాకా నవాబుల పాలనలో ఉన్న చిన్న సంస్థానం. మామిడిపండు ద్వారా దాని పేరు ప్రపంచానికి తెలిసింది గానీ, నవాబులెవరో మనకు తెలియలేదు. యాగంటి నంది దర్శనానికి వచ్చే కుటుంబాలన్నీ ఇప్పుడు దారిలో ఆగి ‘అరుంధతి కోట’ చూసి వెళ్తాయి. ఆటోవాడికి నవాబు బంగళా అని చెప్పి చూడండి, ఒకసారి ఆలోచిస్తాడు. అరుంధతి అంటే ఆలోచించడు.

ఇది నాకు కొంచెం బాధ కలిగించే విషయం. సినిమా ఆ బంగళాకు జనాన్ని తెచ్చింది, నిజమే. దానికి బదులుగా పేరు తీసేసుకుంది. ఇంగ్లండ్‌లో ‘డౌన్‌టన్ ఆబే’ తీసిన హైక్లేర్ కోటకూ ఇదే జరిగింది. అయితే అక్కడ టికెట్టు కొన్న జనం డబ్బు కోట మరమ్మతులకు వెళ్లింది, టికెట్టు మీద హైక్లేర్ అనే పేరూ మిగిలింది. మన దగ్గర జనం సెల్ఫీ తీసుకుని యాగంటి బస్సెక్కుతారు.

తెలంగాణ గడీల కథ దీనికి తిరగబడిన కథ. గౌతమ్‌ఘోష్ ‘మా భూమి’ని మెదక్ జిల్లా మంగళపర్తిలో తీశారు. దొర గడీ మీద జనం తిరగబడే కథను నిజం గడీ దగ్గరే తీయడమంటే ఆ రోజుల్లో సాహసమే. అక్కడి రైతులే తెర మీదికొచ్చారు. 1980లో సినిమా విడుదలైంది. ఇంత దగ్గరగా కథ, గోడ ఒకదాన్నొకటి చూసుకున్న తెలుగు సినిమా ఇంకొకటి చెప్పమంటే నాకు కాసేపు పడుతుంది. బెనగల్ ‘నిశాంత్’ను తీసింది పోచంపల్లిలో. అంతకుముందు 1974లో వచ్చిన ‘అంకుర్’ హైదరాబాద్ పక్కన ఎల్లారెడ్డిగూడది. ఇప్పుడు వెతకబోతే ఆ పేరుతో అమీర్‌పేట పక్కన ఒకటి, కాప్రా వైపు ఇంకొకటి ఉన్నాయి. రెండూ నగరం కడుపులోకి పోయాయి. షబానా ఆజ్మీ నడిచిన పొలం గట్టు మీద ఏ అపార్టుమెంటు లిఫ్టు గుంత తవ్వారో కనుక్కోవాలంటే రెవెన్యూ పటం కావాలి.

ఇటువంటి చోట్ల సినిమా తనకు తెలియకుండానే రికార్డు అవుతుంది. ‘రాముడు–భీముడు’ 1964 సినిమా. అందులో ఎన్టీఆర్ పాట వెనకాల కడుతున్న నాగార్జునసాగర్ ఉంటుంది, పూర్తికాని కట్టతో, కూలీలతో. కట్ట 1967లో నీళ్లు వదిలింది. డ్యామును కట్టకముందు ఒక రకంగా, కట్టాక ఒక రకంగా చూసినవాళ్లు లక్షలమంది ఉన్నారు. కడుతుండగా కదిలే బొమ్మలో చూడాలంటే ఆ పాట ఉంది. పాట బాగుంటుంది కూడా, అది వేరు.

బురుజు ఎదుట బురుజు

కర్నూలు నడిబొడ్డున కొండారెడ్డి బురుజు. 2003 సంక్రాంతికి వచ్చిన ‘ఒక్కడు’లో మహేశ్‌బాబు ప్రకాశ్‌రాజ్‌ను కొట్టి హీరోయిన్‌ను లాక్కుపోయేది ఆ బురుజు దగ్గరే, నిజం బురుజు దగ్గరే. అదే సినిమాలో చార్మినార్ నిజం కాదు. అక్కడ రాత్రీ పగలూ ఆగని జనం మధ్య నెలల తరబడి షూటింగు కుదరదని గుణశేఖర్ బృందం చార్మినార్‌తోపాటు చుట్టుపక్కల ఇళ్లనూ సెట్టు వేసింది. ఒకే సినిమాలో ఒక కట్టడం రాయిది, ఇంకొకటి ప్లాస్టర్‌ది. థియేటర్లో కూర్చున్నవాడికి తేడా తెలియలేదు.

పదిహేడేళ్లు గడిచాయి. 2020 సంక్రాంతి, ‘సరిలేరు నీకెవ్వరు’. మళ్లీ మహేశ్‌బాబు, మళ్లీ ప్రకాశ్‌రాజ్, మళ్లీ కొండారెడ్డి బురుజు. థియేటర్లో ఈలలు. ఈసారి బురుజు కర్నూల్లో లేదు, రామోజీ ఫిల్మ్‌సిటీలో సెట్టుగా లేచింది. అసలు బురుజు చోటు కదలకుండా ఊళ్లోనే ఉంది. దాని చుట్టూ ట్రాఫిక్ పెరిగింది, హీరో వస్తున్నాడంటే చేరే జనం పెరిగారు, ఆ జనం చేతుల్లో కెమెరాలు పెరిగాయి. పది నిమిషాల్లో సీను బయటికి పొక్కే రోజుల్లో ఏ నిర్మాతైనా సెట్టే వేస్తాడు. తప్పు పట్టలేం. కాకపోతే ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా ఈ రెండు సినిమాలనూ పక్కపక్కన ఆపి రాళ్ల అతుకులు లెక్కపెడితే, పాతదాంట్లో కర్నూలు దొరుకుతుంది. కొత్తదాంట్లో ఒక మంచి ఆర్ట్ డైరెక్టర్ పనితనం దొరుకుతుంది.

ఇంటివాళ్ల మాట

తెర మీది ఇల్లు పట్టుకున్నాక తలుపు తట్టడం అసలు పరీక్ష. “ఏవండీ, ఈ ఇంట్లో షూటింగు జరిగిందటగా?” అంటే మొదటి చూపు అనుమానంగానే ఉంటుంది. మనం ఇన్‌కంటాక్సు వాళ్లమో, స్థలం కొలవడానికి వచ్చిన బిల్డరు తాలూకో అనుకుంటారు. నిజం తెలిశాక మంచినీళ్లిచ్చి కూర్చోబెడతారు. వాళ్లకు గుర్తున్నది హీరో కాదు. గోడకు కొట్టిన మేకులు, కేబుళ్లు లాగితే గీరుకుపోయిన ఎర్రగచ్చు, అడక్కుండా నరికిన మందార కొమ్మ, మధ్యాహ్నం అందరికీ పెట్టిన ప్రొడక్షన్ భోజనం. జనరేటర్ చప్పుడుకు పాలివ్వడం మానేసిన గేదె. అద్దె డబ్బులు ఇచ్చారా అంటే మాత్రం నవ్వి మాట మారుస్తారు.

మళ్లీ ఇస్తారా అని అడిగితే పెద్దవాళ్లు వద్దంటారు, పిల్లలు సరేనంటారు. ఆ మాట తేలేలోపు ఇల్లే ఉండకపోవచ్చు. గవర్నర్‌పేటలో, పటమటలో, బందరు రోడ్డు సందుల్లో మిద్దె ఇళ్లు అపార్టుమెంట్లయిన వేగం అందరికీ తెలిసిందే. డెల్టా పల్లెల్లో మండువా లోగిళ్లకు పిల్లలు అమెరికాలో ఉంటే తాళం, ఇక్కడుంటే వాటా. టేకు దూలాలు, గుమ్మాలు ముందే బేరమైపోతాయి. వాటిని కొనేవాళ్లలో రిసార్టులవాళ్లుంటారు, సెట్లవాళ్లూ ఉంటారు. అట్లా కొన్ని గుమ్మాలు ఇల్లు పోయాక తెర మీదికి వస్తాయి.

ఊరి నిండా సినిమా, సినిమాలో లేని ఊరు

ఇంత సినిమా పిచ్చి ఉన్న ఊరు తెర మీద ఇంత తక్కువగా ఎందుకుందో ఆలోచిస్తే జవాబు గాంధీనగర్లో దొరుకుతుంది. 1921లోనే పోతిన శ్రీనివాసరావు ఇక్కడ మారుతి సినిమా హాలు పెట్టారు. 1929కి దుర్గాకళామందిరం వచ్చింది. నవయుగ, పూర్ణా వంటి పంపిణీ సంస్థలు ఇక్కడినుంచే కోస్తా మొత్తానికి డబ్బాలు పంపాయి. మద్రాసులో తీసిన సినిమా భవిష్యత్తు తేలేది ఇక్కడ. ఇంగ్లిషు సినిమాకు లీలామహల్, నవరంగ్ ఉండేవి. బెజవాడకు సినిమా అంటే అమ్మేది, కొనేది, చూసేది. తీసే పని మద్రాసుది. ఆ తర్వాత హైదరాబాద్‌ది. అవుట్‌డోర్ కావాలనుకుంటే గోదావరి ఉంది: లాంచీలు, లంకలు, కుమారదేవం దగ్గర వందలాది సినిమాలకు నీడనిచ్చి 2024 ఆగస్టులో కూలిన ఆ నిద్రగన్నేరు. కృష్ణ ఒడ్డున అంత తీరిక ఎప్పుడూ లేదు. ఇక్కడ కెమెరా పెడితే లారీ హారన్ ముందు రికార్డవుతుంది.

అలాగని చూపించదగ్గ గోడలు లేవనుకుంటే పొరపాటు. గ్రంథాలయోద్యమం తొలి మహాసభ 1914 ఏప్రిల్లో జరిగింది ఇక్కడి రామమోహన గ్రంథాలయంలోనే. ఉండవల్లి గుహల్లో నాలుగంతస్తుల రాతి వరండాలు, కొండపల్లి కోట, మొగల్రాజపురం గుహలు అన్నీ ఆటో దూరంలో ఉన్నాయి. బెంజ్ సర్కిల్ నుంచి బస్టాండు వైపు వెళ్తూ బందరు రోడ్డు మీదే ఉన్న బాపు మ్యూజియాన్ని రోజూ వేలమంది చూడకుండా దాటిపోతారు. పాత పేరు విక్టోరియా జూబిలీ మ్యూజియం. 1887లో కృష్ణా కలెక్టరు రాబర్ట్ సూయెల్ శంకుస్థాపన చేశాడు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో కూర్చుని కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అని తీర్మానించింది. పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీకి ఇచ్చింది ఆ రోజుల్లోనే, ఈ భవనంలోనే అని ఊరు చెప్పుకుంటుంది. మరమ్మతులు చేసి 2020లో మళ్లీ తెరిచారు.

రేపెవరైనా ఆ జెండా కథను సీరియల్‌గా తీయాలనుకుంటే ఏం చేస్తారో తెలుసు. ఫిల్మ్‌సిటీలో ఒక ఇంగ్లిషు కాలపు హాలు వేస్తారు, కిటికీలకు ఆకుపచ్చ రంగు కొడతారు, ఖద్దరు టోపీలు పంచుతారు. నిజం హాల్లో తీయాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి, ఆదివారం పొద్దున్నే పని మొదలెట్టాలి, బందరు రోడ్డు చప్పుడును తట్టుకోగల సౌండ్ ఇంజినీరు దొరకాలి. సెట్టు ఖర్చు మాత్రం మిగులుతుంది.